నలభై అడుగులు

మా లైను వెడల్పు కాగితం మీద నలభై అడుగులు.

మిరప సీజనులో మెయిన్ రోడ్డు బిగుసుకుపోతే
గుంటూరు యార్డుకు పోయే లారీలన్నీ ఇటు తిరుగుతాయి.
పైవరస టిక్కీలు కరెంటు తీగల్ని ఒరుసుకుంటూ వెళ్తాయి.
వెనకాల వీధి వీధంతా తుమ్ముతుంది,
పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో సహా.

నేను జాకెట్లు కుడతాను.
చేతిరాత గుండ్రంగా ఉందని
సంక్షేమ సంఘానికి కార్యదర్శిని చేశారు.
రెండేళ్లలో పద్నాలుగు అర్జీలు రాశాను
ఒక్క స్పీడ్ బ్రేకరు కోసం.

మస్తాన్‌బీ మనవడు పాల ప్యాకెట్లతో సైకిలు మీంచి పడి
కుడి మోచేతికి ప్లేటు వేయించుకున్న వారం
ఇంజనీరు గారి ముందు నిలబడ్డాం.
ఆయన ఫారం తిరగేసి, నొచ్చుకుంటూనే అడిగాడు:
"ప్రాణనష్టం ఏమైనా ఉందామ్మా?
చేతులకు ఇందులో గడి లేదు."
మస్తాన్‌బీ ఆ మాట విననట్టు
ఆయన బల్ల మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆ వేసవిలోనే
లైను చివర పార్కుకని వదిలిన స్థలం గోడకు నోటీసు అంటించారు.
లారీల స్టాండుగా మార్చడానికి
అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలుపవలెను.
కింద సన్నటి అక్షరాల్లో కారణం:
నలభై అడుగుల రోడ్డు సౌకర్యం కలదు గనుక.

"కలదా?" అన్నారు యేసురత్నం మాస్టారు.

రాత్రి పదకొండింటికి, లారీకీ లారీకీ మధ్య దొరికిన సందులో
మెడలోని టేపు తీసి నేల మీద పరిచాను.
ఐదడుగుల టేపు. ఎనిమిది సార్లు పట్టాలి.
మాస్టారు టార్చి పట్టుకున్నారు.
మేడ మీద అద్దెకుండే బాపట్ల కుర్రాడు సుద్దముక్కతో గీతలు గీశాడు.
ఐదు పూర్తయ్యి ఇంకో జానెడు జరిగేసరికి
అవతలి మెట్టు తగిలింది.

మిగతా పద్నాలుగడుగుల పైచిలుకు ఎవరు తిన్నారు?
టార్చి ఒక్కో గుమ్మం ముందు ఆగింది, ఏమీ అనకుండా.
అధ్యక్షుడు రామబ్రహ్మం గారి కారు ర్యాంపు.
సుగుణమ్మ గారి కనకాంబరాల మడి.
డాక్టరు గారి జనరేటరు, దానికో ఇనప పంజరం.
తన ఇంటి దగ్గర మాస్టారు టార్చిని కాస్త త్వరగా తిప్పారు.
చివరికి నా కొట్టు ముందు మూడు మెట్లు,
గ్రానైటువి, చీటీ పాడుకుని వేయించుకున్నవి.

ఆదివారం మీటింగులో ఎవరూ టీ ముట్టలేదు.
ఉన్నదున్నట్టు రాస్తే లారీలు ఆగొచ్చు,
మర్నాడే మన గుమ్మాల ముందుకు జేసీబీ వస్తుంది.
నలభై అని ఊరుకుంటే మెట్లు మిగులుతాయి,
వాటి మీద పిల్లల్ని కూర్చోబెట్టి లారీలు లెక్కపెట్టించుకోవచ్చు.
"ఈ కొలత మినిట్సులో ఎక్కించకమ్మా" అన్నారు రామబ్రహ్మం గారు,
కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

జాకెట్టు బిగుతైతే
నేను ఒంటిని తిట్టను.
కుట్టు విప్పుతాను.

పుస్తకంలో రాశాను: ఇరవై అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు.
కొలిచిందెవరో, టార్చి పట్టిందెవరో కూడా రాశాను.
సంతకాలకు ఇంటింటికీ తిప్పితే
ఇరవై మూడు ఇళ్లకు తొమ్మిది వచ్చాయి.
మస్తాన్‌బీది అద్దిల్లు, ఆమె సంతకం చెల్లదన్నారు.
అయినా మనవడి చేత ఎడమచేత్తో పెట్టించింది.
అది తొమ్మిదిలో లేదు. పేజీలో ఉంది.

సోమవారం సుత్తివాడు వచ్చాడు.
రెండు మెట్లు ఒక్క పూటలో పోయాయి.
ఇప్పుడు కొట్లోకి రావాలంటే కాలు బాగా ఎత్తాలి,
కడుపుతో ఉన్నవాళ్లకి నేనే చెయ్యి అందిస్తున్నాను.
మూడో మెట్టు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

హియరింగు గురువారం.

మెట్లు పోయిన చోట మిగిలిన రెండడుగుల మట్టిలో
పొద్దున్నే ఒక పాల సైకిలు వెళ్తోంది,
లారీకి ఎడంగా,
నా కిటికీని దాదాపు రాసుకుంటూ.